పది అంకెల జాగ

దేవరకొండ సర్కారు దవాఖాన గేటుకు ఎడమ దిక్కు
నాలుగడుగుల రేకు బోర్డు నేనే రాసిన.
పసుపు మీద నల్ల ఎనామిలు.
మున్సిపల్ ఆఫీసు కాయితంల ఉన్నది ఉన్నట్టు:
ప్రైవేటు అంబులెన్సులకు
పది కిలోమీటర్ల దాక ఇంత, ఆపైన కిలోమీటరుకు ఇంత,
ఆగితే గంటకు ఇంత,
ఆక్సిజన్‌కు విడిగ పైసలు అడగొద్దు.
గీత కింద ఆఖరు లైను
ఫిర్యాదు చెయ్యవలసిన నంబరు,
రెండు చుక్కలు.
ఆ తర్వాత కాయితమే ఖాళీ.

"నంబరు మళ్ల చెప్తం, జాగ ఇడిసిపెట్టు ఇస్తారీ" అన్నడు క్లర్కు.
సుద్దముక్కతోని పది గడులు కొలిచి ఇడిసిన.
ఒకటి సన్నగుంటది, ఎనిమిది వెడల్పుంటది,
ఏది పడ్డా పట్టేటట్టు.

పదకొండు నెలలు.
మున్సిపాలిటోళ్లు ఆర్టీవోను అడుగుమన్నరు.
బండి కాయితాలు చూసుడే మా పని, రేట్లు మావి కావన్నరు ఆర్టీవోళ్లు.
గేటు లోపలిదే నాది, బోర్డు బయటున్నదన్నడు సూపరింటెండెంటు.
నాలుగడుగుల రేకు
ఎవ్వల జాగల లేదు.
(నా బిల్లు సుత గట్లనే నిలవడ్డది. అది వేరే ముచ్చట.)

ఖాళీ జాగ ఖాళీగ ఉంటదా,
ఎవడో బొగ్గుతోని ఒక పిల్ల పేరు రాసిండు.
బోరు మోటర్లు బాగుచేసెటోడు స్టిక్కరంటించిండు.
ఒక మేక దాన్ని సగం తిన్నది.

సైదులు రాక్షసుడేం కాదు.
నిరుడు దాక అదే బండిల బడిపిల్లలను తోలిండు,
సీటు కింద ఇంకా ఎవలో పిల్లగాని రబ్బరు దొర్లుతుంటది.
ఫైనాన్సు కిస్తు, గేటు కాడి వార్డుబాయ్ వాటా, డీజిలు.
"అన్నా, ఆ మూడును జర ఎనిమిది చెయ్యరాదే,
రెండు వంకలు మూస్తే అయిపాయె" అని
చాయ్ తాపిచ్చిండు.
చాయ్ తాగిన. అంకె ముట్టలే.

మా బామ్మర్ది డెంగీతోని లోపట పండుకున్న రాత్రి,
తండా నుంచి దస్లి వచ్చింది.
మొగనికి పాము కాటు, నల్లగొండకు రాసిచ్చిన్రు.
నూటెనిమిది బండి ఇంకో కేసు మీద మల్లేపల్లి దిక్కు పోయిందట.
సైదులు చెప్పిన రేటుకు
ఆమె కొంగు ముడి సాలలే.
"అన్నా, ఇండ్ల ఏం రాసున్నది?"

చదివిన.
రాసుడే గని గట్టిగ చదువుడు అదే మొదలు.
నా గొంతు నాకే ఎవలో ఆఫీసరు గొంతు లెక్క ఇనొచ్చింది.
సైదులు చెప్పుతోని మట్టి గీకిండు.
దస్లి ఒక్కొక్క అంకె మీద వేలు పెట్టుకుంట వచ్చి
ఖాళీ కాడ ఆగింది.
"ఇనకపోతే ఎవలికి చెప్పాలె?"

సైదులే అన్నడు, "ఎక్కియ్యుండ్లి."
బోర్డు రేటుకే.
ఎర్ర లైటు అంగడి మూల తిరిగేదాక చూసిన.

కమిషనరు సారు నంబరు నాకు నోటికొచ్చు,
బిల్లు కోసం పదకొండు నెలలు కొట్టిన నంబరు.
స్కూటీ డిక్కిల కుంచె ఉన్నది,
డబ్బా అడుగున ఎనామిలు ఇంత ఉన్నది.
పది గడులు,
చెయ్యి వణకలే.

తెల్లారంగ సైదులు వచ్చి
బకెట్లతోని బండి ఎనక భాగం కడిగిండు.
నేను అడగలే, ఆయిన చెప్పలే.
తడి చేతులు అంగీకి తుడుచుకుంట బోర్డు మొత్తం చదివి
మెల్లగ అన్నడు
"వార్డుబాయ్ మీద సుత చెప్పొచ్చునా దీనికి?"

సోమవారం ఆఫీసుల పిలుపు.
రాత్రంత ఫోను మోగుడేనట, సారు కండ్లు ఎర్రగున్నయి.
"ఎవడు రాయమన్నడు?"
"సారూ, రెండు చుక్కలున్నయి.
వాటి తర్వాత ఏదన్న ఉండాలె గద."

ఇంకో పెయింటరును పంపి తెల్లగ పూయించిన్రు.
చవుక డిస్టెంపరు.
ఎనామిలు మీద డిస్టెంపరు నిలవదు,
ఆ సంగతి ఆఫీసుల ఎవ్వలెరుగరు,
నేనెందుకు చెప్త.

మొన్న డిండి దిక్కు నుంచి వాన కొట్టింది.
ముందుగాల తొమ్మిది బయటవడ్డది.
రెండో అంకె ఇంకా సగమే.