చూపని వివరాలు

రిటైర్మెంటు ఫారంలో ఒక గడి:
ప్రచురించిన పత్రాలెన్ని?
నలభై మూడు అని రాశాను.
పెన్ను మూత పెట్టబుద్ధి కాలేదు.

ములుగు రోడ్డు మడిలో
సాయంత్రం మిరప మొగ్గ విప్పి
పుప్పొడి తిత్తులు గిల్లేసి
తెల్లారి వేరే పువ్వు పుప్పొడి అద్ది
ఎర్ర ఉన్నిదారం కట్టేవాడు ఓదెలు.
ఇరవై ఆరేళ్లు,
మొగ్గ మొగ్గకూ ఊపిరి బిగబట్టి.

మూడుకు ఒకటి, మూడుకు ఒకటి,
లెక్క కుదిరిన మొక్కలన్నీ పత్రాలకెక్కాయి.
కుదరనిది ఎనభై ఎనిమిదో నంబరు.
ఒక కొమ్మకు చపాట కాయలా గుండ్రం,
ఇంకో కొమ్మకు సూదిమొన.
ఏటా విత్తాను.
ఏటా ఇంకో తీరుగా కాసింది.
"గిది ఎవ్వలి మాటా ఇనది మేడం"
అన్నాడు ఓదెలు, మెచ్చుకున్నట్టే.

పదిహేడో పత్రం, ఆరో పేజీ, అడుగున
దాని గురించి ఒకే వాక్యం:
ఈ వివరాలు ఇక్కడ చూపలేదు.
ఆ కిందే కృతజ్ఞతల్లో
ఓదెలు ఓబెలుగా అచ్చయ్యాడు.
సవరణకు ఉత్తరం రాస్తానన్నాను.
రాయలేదు.
ఆ ముక్క కత్తిరించి పర్సులో పెట్టుకున్నాడు,
పోయేదాకా అందులోనే ఉందట.

ఇప్పటికీ ఫిబ్రవరిలో
ఎనుమాముల యార్డుకు పోతాను.
తుమ్ముతూ, కళ్లు తుడుచుకుంటూ
రాశుల్లో దాని కాయ కోసం వెతుకుతాను.
"ఏం రేటు కావాలమ్మా?" అంటాడు అడ్తిదారు.
ఏం చెప్పను?

సొరుగులో ఫిల్ము డబ్బీ,
లోపల పద్నాలుగు గింజలు,
పసుపు పోయి గోధుమరంగు తిరిగినవి.
మొలవవని నాకు తెలుసు,
మొలవవని పత్రం రాసిందీ నేనే,
ముప్పై ఒకటోది.

ఫారం రేపిస్తాను.
ఇవాళ కుండీలో మట్టి నింపాలి.