ఐదు వాట్లు

బల్లార్‌పూర్ బస్టాండు వెనకాల
బోర్కుటే కాకా రేడియో దుకాణం.
మూడు ఆంప్లిఫయర్లు నా ముందు పెట్టి
"వాయించి చూడు, తొందరేం లేదు" అని
ఆయన చాయ్‌కి పోయిండు.
రెండు చాయ్‌లు తాగినట్టున్నాడు.

మొదటిది నాగపూర్ ఆర్కెస్ట్రావాళ్లు
బాకీ కింద వదిలేసిన యాభై వాట్ల మొద్దు.
రెండు మీద ముల్లు పెడితేనే షోకేసు అద్దం వణికింది,
గొంతు మాత్రం ఇంకా నిద్రలోనే ఉంది.
లేపాలంటే ఆరు దాకా తిప్పాలి.
ఆరు దాకా తిప్పితే
మా క్వార్టర్ల లైనంతా లేచి కూర్చుంటుంది.

రెండోది ట్రాన్సిస్టర్ది. తేలిక. చవక.
మీట వేసిన క్షణమే పలికింది,
మాట పూర్తికాకముందే తలూపే గుమాస్తాలాగ.
తప్పేం లేదు దాంట్లో.
ఆ తప్పు లేకపోవడమే నాకు సహించలేదు.

మూడోది పెళ్లివారి టిఫిన్ క్యారియరంత.
వెనక జాలీలోంచి చూస్తే
రెండు గాజు వాల్వులు,
ఒకటి బొటనవేలు, ఒకటి నడిమివేలు.
ఐదు వాట్లు.
మీట వేశాను. ఏమీ లేదు.
పది లెక్కపెట్టాను. ఇరవై.
గాజు అడుగున నారింజ చుక్క,
లోపలెవరో బీడీ పీలుస్తున్నట్టు.
తర్వాత సన్నగా ఒక బుస.
అప్పుడు తీగ మీటాను.

నేను కలప డిపోలో లెక్కలు రాసేదాన్ని.
వేలానికి ముందు టేకు దుంగలకు సుత్తితో ముద్ర వేస్తుంటే
పద్దెనిమిదేళ్లుగా పక్కన నిలబడి వింటున్నాను.
డొల్ల దుంగ ఎంత లావున్నా
చప్పుడును దాచుకోలేదు.

కాకా వచ్చి పెన్సిలు వెనక రబ్బరుతో
పొట్టి వాల్వు నెత్తిమీద తట్టాడు.
స్పీకర్లో ఎక్కడో గిన్నె మోగింది.
"ఇది జరా ముసలిదైంది, మార్చిస్తా.
పదిహేను వాట్లది కావాలంటే తెప్పిస్తా బాయీ,
కానీ మూడింతల వాట్లంటే మూడింతల చప్పుడు కాదు.
చెవి లెక్క వేరే.
నీకు చప్పుడు కావాలా,
గొంతు చిరిగే చోటు కావాలా?"

ఆ చోటే కావాలి.
కానీ అది ఏ గోడల మధ్య చిరగాలన్నది కదా నా గొడవ.
మా గోడకు అవతల దాసరి ఓదెలన్న.
బొగ్గుబాయిలో రాత్రి డ్యూటీ, పగలు నిద్ర.
కుక్కర్ విజిల్ కూడా
మూడోది రాకముందే దించేస్తాను నేను.

పందొమ్మిది వేలు చెప్పి పదిహేడున్నరకు ఇచ్చాడు.
ఆటోలో ఒళ్లో పెట్టుకుని వస్తుంటే గేటు పడింది.
బొగ్గు డబ్బాలు, ఎన్నో లెక్కపెట్టలేదు.
నా ఒళ్లో వాల్వులు
గాజుల మలారంలా సన్నగా కొట్టుకుంటున్నాయి.

సాయంత్రం ఆరున్నర. కింద గోనెసంచి మడిచి వేశాను.
నాలుగు మీద ముల్లు.
అక్కడే, అచ్చంగా అక్కడే,
చాలాసేపు ఏడ్చి మాట్లాడినట్టు
స్వరం అంచు కొద్దిగా రేగింది.
ఒక్కటే స్వరం. మళ్లీ అదే.

తలుపు దగ్గర ఓదెలన్న, చేతిలో డబ్బా, నెత్తిన హెల్మెట్.
సారీ చెప్పబోయాను.
ఆయన గిటారు వైపే చూడలేదు.
వెనక్కి పోయి మోకాళ్ల మీద వంగి జాలీలోకి చూశాడు.
"ఆపి మళ్లీ పెట్టు" అన్నాడు.
ఆపాను. చుక్క ఆరింది. మళ్లీ పెట్టాను.
ఇద్దరం ఏమీ వినకుండా నిలబడ్డాం.
"మేం కిందికి దిగినంక గూడ ఇంతే.
కాసేపు ఏం కనబడది.
ఆగాలె."

ఆయన వెళ్లిపోయాక వీధిలో కూలర్లన్నీ ఒక్కసారి అందుకున్నాయి,
వోల్టేజీ పడింది,
నేను పట్టుకున్న స్వరం
కొంచెం కుంగి, ముతకబడి,
ఇంకా బాగుంది.
స్టెబిలైజరు కొనమన్నాడు కాకా.
వచ్చే నెల చూద్దాం.