పటంలో గుర్తించుము

ముందు నా తప్పు చెప్పుకోవాలి.
రెండో మిడ్ పరీక్ష, చరిత్ర పేపరు.
గండికోట అని ఉండాల్సిన చోట
గండిపేట అని ఉంది
ఒకసారి కాదు, ఏడుసార్లు.
ఏడుసార్లూ ఎర్రగీత కొట్టాను.
పెన్న గట్టు మీది కోటను తీసుకుపోయి
హైదరాబాదు పక్క చెరువులో ముంచినందుకు
నాలుగు మార్కులు కోసి
మొత్తం వేసి, చుట్టూ సున్నా చుట్టాను.

వారానికి దస్తగిరి వచ్చాడు
స్టాఫ్ రూం గడపను కట్టెతో తడుముకుంటా.
"నేను గండికోటనే అంటి మేడం.
వాడు ఏం రాసినాడో నాకెట్ల కనపడ్తాది?"

వాడంటే ఇంటర్ మొదటేడు పిల్లోడు.
రాసిపెట్టేవాడు
పరీక్షకు కూచున్నవాడి కంటే
తక్కువ చదివి ఉండాలని నిబంధన.
ఆ తక్కువ చదువు చేసే తప్పులు
ఎవరి లెక్కలో పడాలో
నిబంధన చెప్పలేదు.
నేనూ అడగలేదు.

వాళ్లిద్దర్నీ స్టోర్ రూంలో కూచోబెట్టినాం.
కాళ్లిరిగిన బెంచీలు, పాత రిజిస్టర్లు,
తిరిగీ తిరగని ఫ్యాను, కడప మే నెల.
పక్క హాలుకు జవాబులు వినపడతాయని
"గొంతు తగ్గించు నాయనా" అని
రెండుసార్లు తలుపు తీసి చెప్పి పోయింది
నేనే.
గుసగుసలో
కోటకూ పేటకూ ఎంత దూరం?

ఆ రాత్రి పాత ప్రశ్నపత్రాలు ముందేసుకున్నాను.
'పటంలో గుర్తించుము. పది మార్కులు.'
కింద చిన్న అక్షరాల్లో:
'చూపులేనివారు బదులుగా ఒక పేరా రాయవచ్చును.'
పదకొండేండ్లుగా ఆ వాక్యం
నా చేత్తోనే దించుకుంటున్నా.
అతడినొకసారి అడిగితే నవ్వినాడు:
"మాది జమ్మలమడుగు పక్క మేడం.
బస్సు యాడ మలుగుతాదో
కడుపుకు తెలుస్తాది.
పటమే, ఎట్లుంటాదో తెల్దు."

చీరల పెట్టె మూత చించినాను.
గోనెదారం పెన్న.
దక్షిణం నుంచి పాపఘ్ని, ఉత్తరం నుంచి కుందూ
రెండూ కుట్టుదారాలు.
ఎర్రముక్కపల్లె వడ్రంగి ఇచ్చిన గరుకు కాగితం
ఎర్రమలలయింది.
పుష్పగిరికి కందిబేడ, సిద్ధవటానికి ఉలవ,
గండికోటకు చింతగింజ.
"ఈ వయసులో గింజలాటేందమ్మా" అని
మా అత్త బంక గిన్నె పక్కకు జరిపింది.

"ఒక్కని కోసమా?" అన్నాడు సూపరింటెండెంటు.
నాకు జవాబు తోచలేదు.
క్లాసులో ఆ అట్టను చేతులు మార్చినాను.
ఏటేటా నదుల్ని కొండెక్కించే భార్గవి
కండ్లు మూసుకుని వేలు జరిపి
"ఓయమ్మ, పెన్న ఇట్ల పోతాదా!" అంది.
ఇంకో నలుగురు, చూపున్నోళ్లే,
మాకూ అదే ఇయ్యండి అన్నారు.

ఇంతలో వెనక బెంచీలో సుంకులమ్మ లేచింది.
ఆ పిల్ల లేవడమే అరుదు.
"మే... మేడం, వై... వైవా..."
క్లాసంతా ఆ మాట కోసం ఆగింది.
మాట రాలేదు.
గంట కొట్టినాక చీటీ చేతిలో పెట్టి పోయింది.
ఆ చీటీ నా పర్సులోనే ఉంది.
దానికి జవాబు ఇంకా వెతుకుతున్నా.

చివరి పరీక్ష రోజు
స్టోర్ రూం కాదు, కింది అంతస్తు గది,
గట్టిగా మాట్లాడుకోవచ్చు.
అట్ట ఇస్తూ ఉంటే
టక్కుమని ఏదో రాలింది.
ఎండకు బంక పెళుసెక్కినట్టుంది.
నేను, రాసే పిల్లోడు
బల్ల కింద దేవులాడి
చింతగింజ పట్టుకొచ్చినాం.
ఇప్పుడిది ఎక్కడ పెట్టినా
నేనే జవాబు చెప్పినట్టవుతుంది.

"ఇట్లియ్యండి మేడం."
గోనెదారం వెంబడి
పడమటి అంచు నుంచి వేలు నడిచింది,
నీళ్లు నడిచినట్టే, తొందరలేకుండా.
గరుకు కాగితం నడుమ
దారం ఇరుకైన చోట ఆగి
గింజను అదిమి పట్టుకున్నాడు.
"ఈడ."

ఆ వేలు తీస్తే గింజ రాలుతుంది.
జవాబుపత్రంలో దాన్ని అంటించే గడి లేదు.
అతడు వేలు తీయలేదు.
నేను బంక కోసం పరుగెత్తినాను.