కుడివైపు తెరలు

ఫహాహీల్‌లో మా బస్సు ఆరుంబావుకి కదులుతుంది.
గుల్జార్ భాయ్ స్టీరింగు, నేను తలుపు.
మెట్టు దగ్గర ఒక చెయ్యి, పిల్ల రెక్క మీద ఒక చెయ్యి,
పదకొండేళ్ళుగా ఇదే నా చదువు.
అంతకు ముందుది రాయచోటి దగ్గర అయిదో తరగతి.

వందదాకా అప్పజెప్పే పిల్లలు నా బస్సులో తొమ్మిదిమంది.
ఫోన్లో ఆ వీడియోలు పెట్టి వాళ్ళ నాన్నలు
నా మొహంలోకి చూస్తారు.
"అబ్బ!" అంటాను. అనాలి కదా.

కెజియా ఏదీ అప్పజెప్పదు.
నాలుగున్నరేళ్ళు. ఎక్కగానే మేజోళ్ళు విప్పి తిరగేసి తొడుక్కుంటుంది,
లోపలి కుట్టు వేళ్ళను గిల్లుతుందట.
పక్క సీటు పిల్ల ఏడవబోతే
ముందు దీని కళ్ళు నిండుతాయి.
రోడ్డు పక్కన పావురం చచ్చిపడున్న రోజు
సాల్మియా దాకా ఒకటే ప్రశ్న:
"అది ఇంక లేదని దానికి తెలుసా ఆంటీ?"
నీళ్ళ సీసా మూత తీసిచ్చాను.
ఇంకేం ఇవ్వను?

డైరీలో టీచరమ్మ ఎర్రగా రాసింది,
గుల్జార్ భాయ్ చదివి చెప్పాడు:
పాప మాట వినదు, కుదురు లేదు,
పాట పాడమంటే
నిన్న పాడాం కదా అంటుంది.

సిగ్నల్ దగ్గర ముందు కారు నంబరు ప్లేటు.
ఈ దేశపు అంకెలు పట్టుబడ్డానికి నాకు రెండేళ్ళు పట్టింది,
సున్నా చుట్టాల్సిన చోట చుక్క పెట్టి ఊరుకుంటారు.
దీనికెవరూ నేర్పలేదు.
అద్దం మీది ఆవిరిలో వేలితో గీసింది:
"ఏడు తలకిందులైతే ఎనిమిది."
కాసేపాగి, జాలిగా,
"పాపం, ఇద్దర్లో ఎవరు తలకిందులో
వాళ్ళకే తెలీదు."

ఒక మధ్యాహ్నం, బడి వదిలాక, సగం బస్సు నిద్రలో ఉంది.
నా కొంగు లాగింది.
"పొద్దున ఎండ నా వైపే ఉంది ఆంటీ.
ఇప్పుడు మనం వెనక్కి తిరిగాం కదా,
అటు పోవాలి. మళ్ళీ నా వైపే ఎందుకొచ్చింది?"

నేను తెరల్ని చూశాను.
ఎడమవైపువి నీలం.
కుడివైపువి ఒకప్పుడు నీలం.
రెండుసార్లు మార్చాం, రెండుసార్లూ కుడివే ముందు చివికిపోయాయి.
ఉతికింది నేను, అంచులు కుట్టింది నేను,
చౌక గుడ్డ అంటగట్టాడని కొట్టువాణ్ణి తిట్టింది నేను.
పదకొండేళ్ళు ఆ ప్రశ్న
నా కళ్ళ ముందే ఉంగరాలకు వేలాడింది.

దానికి నా జవాబుతో పనిలేకపోయింది.
"మనం క్లాసులో ఉన్నప్పుడు
అది బడి మీదుగా దాటేసుంటుంది," అని
అరటిపండు తొక్క ఒలుచుకుంది.

వాళ్ళమ్మ ఆసుపత్రిలో నర్సు. రాత్రి డ్యూటీ కళ్ళతో
గేటు దగ్గర నిలబడి, గొంతు తగ్గించి:
"మస్తానమ్మక్కా, నీ చేతుల మీద ఎందరు పిల్లలు పోయుంటారు,
దీంట్లో ఏమన్నా తేడా ఉందా?
డాక్టరుకు చూపించమంటున్నారు."

"చూపించమ్మా, వద్దనను.
తేడా ఉంది.
అది ఏ వైపు తేడానో
వాళ్ళకు ఇంకా తెలిసినట్టు లేదు."

అంతకన్నా చెప్పడం చేతకాలేదు.
ఎక్కి, కుడివైపు తెర ఒకటి, ఎడమవైపు తెర ఒకటి
ఊడదీసి ఆమె చేతుల్లో పెట్టాను.
ఎండకు పట్టి చూసింది రెండిటినీ,
నాకు పిచ్చేమో అన్నట్టు ఒకసారి,
తర్వాత కూతురి వైపు.
కెజియా మేజోళ్ళు చేతిలో పట్టుకుని
వేడి సిమెంటు మీద ఒంటికాలితో ఎగురుతోంది.

గుల్జార్ భాయ్ హారన్ కొట్టాడు.
ఇంకా ఆరుగురిని దింపాలి.
చివరి సీట్లో, ఇప్పటిదాకా నాతో ఒక్క మాటా మాట్లాడని పిల్లాడొకడు
పైన ఏసీ రెక్కల్ని రోజూ అదేపనిగా చూస్తుంటాడు.
నిద్రమొహం అనుకునేదాన్ని.
రేపు వాడి పక్కన కూర్చోవాలి.