ఎడమకి లాగుతోంది

రిచీ స్ట్రీటులో మూడో సందు, మెట్ల కింద షాపు.
పైన ఎవరు నడిచినా నా నెత్తి మీద సున్నం రాలుద్ది.
అన్వర్దీన్ భాయ్‌కి నేను రిపేరు పిల్లని.
రోజుకి పది పన్నెండు కంట్రోలర్లు విప్పుతాను,
ఎవరెవరి బొటనవేళ్ళ జిడ్డో స్పిరిట్టుతో తుడుస్తాను.

"నీ దగ్గర ఏ కన్సోల్ ఉంది?" అని అడిగాడు
బెంగుళూరు నించి నాణయ్య, ఆటల పత్రిక ఎడిటరు.
నాకు లేదు సార్.
ఊరందరివీ ఉన్నాయి, ఒక్కోటి అరగంట,
బాగైందో లేదో చూసేందుకు.
ఏ ఆటకీ నేను మొదలు చూడలేదు.
ఎవరో అలిసిపోయి ఆపిన చోట,
వాళ్ళ గుర్రం మీద, వాళ్ళ ఒంటి గాయాలతో
నేను లేస్తాను.
అది అనుభవం కిందకి వస్తదా?
జవాబు రాలేదు.

వానలకి వేళచ్చేరి మునిగిన వారం
ఒకాయన తన మెషీన్ కోసం రాలేకపోయాడు.
అందులో లైట్‌హౌస్ కాపలా ఆట.
షట్టరు సగం దించి వారమంతా నేనే అద్దం తుడిచాను,
నూనె పోశాను, ఒక్క పడవా మునగలేదు,
చివరి రాత్రి ఎందుకో వెక్కి వెక్కి ఏడ్చాను.
బిల్లు పుస్తకం వెనక తెలుగులో రాసి
తెల్లారేలోగా ఇంగ్లీషు చేసి పంపాను.
నాణయ్య ఒకటే లైను:
"పదికి ఎంతో రాయలేదు."

వంజరం చేపా, కిలో ఎంతని అడగడానికి?
ఏడు అని రాశాను.
ఏడు అచ్చయింది, కింద రెండు వాక్యాలు.
మిగతాదంతా కోసేశారు.
తెలుగులో అది వట్టి అంకె కాదని,
ఎవరో పక్కన కూర్చుని, ఫరవాలేదు, ఏడు,
అన్నట్టు కూడా ఉంటదని
ఆయనకి ఎవరు చెప్తారు.
నాలుగు వందలు. నలభై అయిదు రోజులకి.

ఆడి డిస్కౌంట్ల గోలలో గజలక్ష్మి వచ్చింది.
ఎగ్మూరు ఆస్పత్రిలో రాత్రి బిల్లుల కౌంటరు,
టిఫిన్ సంచిలో కంట్రోలరు.
"ఎడమకి లాగతా ఉంది పాపా."
ఏ ఆట ఆడతారక్కా?
"కార్ల పందెం. పందెం ఎవరు చేస్తారు,
అందరూ ముందు పోయిందాకా ఆగి
నిదానంగా పోతా ఉంటా.
ఎడం పక్కన సముద్రం. అటే ఒత్తుకుంటా."

విప్పి చూశాను.
పుల్ల కింద కార్బన్ పూత ఒక్క వైపే అరిగింది.
నల్లటి పొడి, కాటుకంత మెత్తగా.
మూడేళ్ళు, ఒకటే సముద్రం.
కొత్తది వేస్తే పోద్దక్కా, అన్నాను.
"మొత్తం పోవాలా?" అంది. "కొంచెం ఉంచు."

ఆ రాత్రి రాసింది సమీక్ష అవునో కాదో.
ఎన్ని కార్లో రాయలేదు, బొమ్మ ఎంత నాణ్యమో రాయలేదు.
అరుగుదల గురించి రాశాను.
అంకె వెయ్యలేదు.

తొమ్మిదో రోజు ఫోను. నోట్లో స్క్రూలు పెట్టుకుని ఉన్నాను.
"ఈ గజలక్ష్మి నిజంగా ఉందా?"
ఉంది సార్. నూట ఎనభై బాకీ కూడా ఉంది.
అవతల నవ్వాడో, దగ్గాడో.
"శుక్రవారం వేస్తాం. డబ్బు మాత్రం అంతే.
పేరు ఎలా వెయ్యాలి?"

బళ్ళో, రేషన్ కార్డులో, భాయ్ జీతాల పుస్తకంలో
నేను ఎం. సుభద్ర.
ఆ ఎం మా నాయన మునిరత్నం.
ఇంటిపేరు మా తాత మూటలతో దిగినప్పుడే
బేసిన్ బ్రిడ్జి దగ్గర ఎక్కడో జారిపోయింది,
పెళ్ళి పత్రికల్లో తప్ప ఎవరం వాడం.
కాకుటూరి, అన్నాను.
కా. కు. టూ. రి.
స్క్రూ ఒకటి దొర్లి ఎటో పోయింది. వెతకలేదు.

శుక్రవారం "కుకటూరి సుభద్ర" అని పడింది.
భాయ్ కళ్ళజోడు పైకెత్తి, దగ్గరికి పెట్టుకుని,
ఈ పేరు ఎవరిదీ, అన్నాడు.
నాదే భాయ్.
కొంచెం ఎడమకి లాగింది.