పడికట్టు రాయి

అంకీసా సంతలో మా మేనత్త ఎంకుబాయి
ఇప్పపూలు తూచే కాటాకు
కుడి పళ్లెంలో ఎప్పుడూ ఒకే రాయి.
నల్లగా, బొటనవేలితో నొక్కినట్టు గుంటలు గుంటలుగా,
ఎత్తబోతే చెయ్యి మోసపోయేంత బరువు.
"ఐదు కిలోలకు అరపావు తక్కువ" అనేది,
ఆ అరపావుకు ఇనుప నట్టు ఒకటి కలిపేది.
తాత దున్నుతుంటే నాగలికి తగిలిందట.
కర్రు వంగింది, రాయికి గీత పడలేదు.

నాగపూర్ నుంచి శర్వరీ దేవతళే వచ్చింది
ప్రాణహిత ఒడ్డు రాళ్ల కోసం.
చాయ్ తాగుతూ సంచిలోంచి అయస్కాంతం తీసి
ఊరికే రాయి దగ్గర పెట్టింది.
టక్కున అతుక్కుంది.
చాయ్ చల్లారిపోయింది.

ఆమెకు తెలుగు రాదు.
అత్తకు మరాఠీ సంత లెక్కల వరకే.
నడుమ నేను, ఏడో తరగతికి లెక్కలు చెప్పేవాణ్ణి,
ఆ పూట ఆకాశానికి దుబాసీని.

"పైనుంచి ఒక వాన పడతనే ఉంటది అత్తా, తడపని వాన.
పెద్ద చుక్కలు పేలి చచ్చినకాడ లేచిన రవ్వలు.
మనకు గాలి గొడుగున్నది. ఇది పైన తిరిగినన్నాళ్లు దీనికి లేదు.
రవ్వ తగిలినకాడల్లా ఇనుము పగిలి ఇంకోటైతది."
"ఇంకోటంటే ఏంది?"
పొటాషియం అన్నాను. క్లోరిన్ అన్నాను.
తడిపూలు తెచ్చినవాడిని చూసినట్టు చూసింది నన్ను.

అప్పుడు తరుగు గుర్తొచ్చింది.
"పచ్చి పువ్వు తెస్తే తరుగు తీస్తవు గదా,
ఎన్నాళ్లు ఎండిందో గుప్పిట పట్టి చూసి.
దీంట్ల పుట్టినవి గూడ తరుగుతయి.
ఒకటి మూడు లక్షల ఏండ్లకు సగం,
ఒకటి నూట పాతిక కోట్ల ఏండ్లకు సగం.
తొందరగా తరిగేదానికి ఈ మధ్య వానే యాదికుంటది.
రెండోదానికి మొదటి చినుకు నుంచి యాదికుంటది."
"ఈ మధ్య అంటే? మొన్నటి వరదప్పుడా?"
శర్వరిని అడిగి చెప్పాను:
ఈ మధ్య అంటే పది లక్షల ఏండ్లు.
అత్త కాసేపు నవ్వలేదు.
తర్వాత కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది.

ముక్క కోస్తామంటే మాత్రం ఒప్పుకోలేదు.
"తూకం తప్పితే ఊరి ముంగట దొంగనైత."
చివరికి కంసాలి తక్కెడ తెప్పించి
కోసిన ముక్కను తన ముందే తూచాలంది.
నూట నలభై గ్రాములు, రెండు గురిగింజలు.
ఆ రాత్రి పాత రవికగుడ్డతో చిన్న సంచి కుట్టి
ఏటి ఇసుక చిటికె చిటికెగా పోసి
కోతపడ్డ వైపు కట్టింది,
దెబ్బ తగిలిన మోకాలికి కట్టినట్టు.

పద్నాలుగు నెలలకు ఉత్తరం వచ్చింది.
సంతలోనే చదివాను.
మీ రాయి నలభై ఒక్క కోట్ల ఏళ్లు ఒంటరిగా తిరిగింది.
రెండు లెక్కలూ కలవడం లేదు.
పాతకాలపు వాన కన్నా ఈ మధ్య వాన
పావు వంతు ఎక్కువున్నట్టుంది.
సూర్యుడు ఇప్పుడు పాలపుంతలో
చుక్కల రద్దీ ఉన్న వీధి దాటుతున్నాడు కావచ్చు.
'కావచ్చు' కింద రెండు గీతలు.
ఒక్క రాయి సాక్ష్యం చాలదు, ఇంకా కావాలి.
చివర చిన్న అక్షరాలతో:
ఆ సంచిలో ఇసుక పారేయకండి,
తెల్ల గింజల్లో ఈ కొండల మీద పడ్డ వాన లెక్కుంటుంది.

అత్త ఏమీ అనలేదు.
సంచి ముడి ఒకసారి లాగి చూసింది.
"ఒక్కతే," అంది ఎప్పటికో, "గన్నేండ్లు.
ఎవలకూ ఏమీ తూచకుండ."

అంతలో ఝింగానూరు వైపు నుంచి ఒక పిల్ల
గంపెడు పూలు దించింది, మంచుకు కొంచెం తడిసినవి.
ఎడమ పళ్లెం కిందికి, కుడి పళ్లెం పైకి,
మళ్లీ కిందికి.
ముల్లు ఆగేదాకా
మేం ముగ్గురం మాట్లాడలేదు.