నిన్న తల గోక్కున్నావా?

కేటా ఊళ్ళో, ఉప్పుకయ్య వైపు తెరుచుకునే నా షాపులో
ఎవరొచ్చినా నేను ముందు అడిగేది ఇదే.
గోక్కుంటే లే, ఎల్లుండి రా.
గోటిగీత ఎక్కడుందో
నాకంటే ముందు మందుకి తెలుస్తుంది.

జిఫా గోక్కోలేదట.
మొన్ననే హైస్కూలయింది. ఇన్నేళ్ళూ
బడి రూలుకి గొరిగించుకున్న తల
ఇప్పుడు రెండు వేళ్ళ ఎత్తు.
లాగితే వస్తుంది, వదిలితే పోతుంది స్ప్రింగులా.
జుట్టున్నమ్మ ఏ కొప్పయినా పెడుతుంది కదా,
పెట్టుకోవడానికే వచ్చింది, అవ్వని వెంటేసుకుని.

బల్ల మీద మూడు డబ్బాలు దించాను.
ఇది కాస్టిక్ సోడాది. చప్పున పని కానిస్తుంది, మెరుపు కూడా.
చుట్టూ వాజలీన్ గట్టు కట్టకపోతే
చెవి వెనక తోలు పట్టుకుపోతుంది.
ఇది సున్నంది. చర్మం మీద కాస్త దయ,
వెంట్రుక మీద లేదు: నాలుగు నెలలకి కొబ్బరిపీచు.
ఇదిగో, కుళ్ళుగుడ్డు కంపుది, మెత్తగా మాట వింటుంది,
కానీ ఆ రెంటితో పడదు.
ఒకదాని మీద ఒకటి రాశావా
తలంతా దువ్వెనకే వచ్చేస్తుంది.

జిఫా బొమ్మలు చూసి ఎంచుతోంది.
మూడు మూతల మీదా ఒకే పిల్ల నవ్వు.

అవ్వ మొదటి డబ్బా మూత తీసి
ముక్కు పక్కకి తిప్పేసుకుంది,
తెలిసినవాళ్ళు తిప్పుకున్నట్టు.
"సబ్బు" అంది.
ముప్పయ్యేళ్ళు సబ్బు వండిన మనిషి.
మోచేతి కింద కారం నీళ్ళు చిందిన మచ్చ నిగనిగలాడుతుంది,
దాని మీద ఇవాళ్టికీ ఒక్క రోమం మొలవలేదు.

కొరివితో తల గోక్కోవడం అంటారే,
ఆ కొరివికి ఇప్పుడు మూతా, లేబులూ.
నేనామాట పైకి అనలేదు.
నెలాఖరు, కరెంటు బిల్లు కట్టాలి.

జిఫా ఆ మచ్చ మీద వేలు పెట్టి ఊరుకుంది.
తర్వాత నావైపు తిరిగి
"నీ స్కార్ఫు కింద ఏ డబ్బా, అక్కా?"

ఇరవై ఏళ్ళలో ఎవరూ అడగలేదు.
ముడి విప్పాను. చెవి పైన రూపాయిబిళ్ళంత నునుపు,
చుట్టూ ఉప్పూ మిరియాలూ, వాటి ఇష్టం వచ్చినట్టు.

వెళ్ళిపోతుందనుకున్నాను.
వెళ్ళలేదు. "రెండోది" అంది,
"కానీ సగం టైమే ఉంచు. కొంచెం వంకర మిగలనీ."

తెల్లటి ముద్ద పరిచాక
ఆరో నిమిషంలో పిల్ల చెయ్యి నెత్తి వైపు లేచింది.
అవ్వ ఆ చేతిని గాల్లోనే పట్టుకుంది.
నీళ్ళు పోసేదాకా వదల్లేదు.